వెండి డెనారియస్‌ల మీద రోమన్ రాణులు, బొరుసు వైపు దేవతలు

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. లండన్‌లో ఉద్యోగం చేసి వచ్చిన మీ పెదనాన్నగారి పెట్టెలో రెండు పాత వెండి నాణేలు దొరికాయి. రెండింటి మీదా ఒకవైపు ఆడమనిషి ముఖం, రెండోవైపు నిలబడిన ఒక స్త్రీ ఉన్నారు. ఒక నాణెం మీద ఆ స్త్రీ మనకు వీపు చూపిస్తూ నిలబడింది. ఇంకోదాని మీద ఆమె చేతుల్లో "పువ్వు, శూలం" ఉన్నాయని రాశారు. వీళ్లెవరు, ఇవి అసలువా నకిలీవా, తోమితే మెరుస్తాయా, ఎంత పలుకుతాయి అని అడిగారు.

ఫోటోలను బట్టి రెండూ డెనారియస్‌లు, అంటే రోమన్ల వెండి నాణేలు. మొదటిది చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్ భార్య యూలియా డొమ్నాది, క్రీ.శ. 193 నుంచి 196 మధ్య కొట్టిన రకం. రెండోది చక్రవర్తి ఆంటోనినస్ పయస్ భార్య పెద్ద ఫౌస్టినాది, ఆమె 140లో చనిపోయిన తర్వాత విడుదలైంది. వీపు చూపిస్తున్నది అందాల దేవత వీనస్. రెండో దేవత సెరీస్. ఆమె చేతిలో మీకు పువ్వులా కనిపించినవి ధాన్యపు కంకులు, శూలంలా కనిపించింది పొడవాటి కాగడా.

ఈ నాణేలు చేతికొచ్చినప్పుడు చాలామంది బొమ్మ వైపు పేరు తెలుసుకుని అక్కడితో ఆగిపోతారు. బొరుసు వైపు "ఎవరో దేవత" అని వదిలేస్తారు. రాణుల నాణేల్లో అసలు విషయం ఉన్నదే అక్కడ. చక్రవర్తి నాణెం మీద ఆయన పదవులన్నీ వరసగా చెక్కి ఉంటాయి. ఎన్నోసారి కాన్సుల్ (రోమ్‌లో ఒక పెద్ద పదవి) అయ్యాడో, ఎన్నో ఏడాది పాలిస్తున్నాడో లెక్కపెట్టి తేదీ చెప్పేయవచ్చు. రాణికి పదవులు లేవు. సెనేట్‌లో కూర్చోలేదు, సైన్యాన్ని నడపలేదు. ఆమె పేరు, అగస్టా అనే బిరుదు, అంతే. కాబట్టి ఆమె గురించి జనానికి ఏం చెప్పాలన్నా ఆ పని దేవతే చేయాలి. రాణి ముఖానికి వెనక ఏ దేవతను పెట్టారో చూస్తే, ఆ సమయంలో రాజకుటుంబం ఆమె నుంచి ఏం కోరుకుందో, ఆమెను ఎలా చూపించాలనుకుందో అర్థమవుతుంది. అందుకే ఈ రెండు వైపులనూ కలిపే చదవాలి.

ముందు అక్షరాల సంగతి. రోమన్ నాణేల మీద గుండ్రటి "యు" అక్షరం ఉండదు, దాని చోట "వి" ఉంటుంది. యూలియా పేరు ఐ, వి, ఎల్, ఐ, ఎ అని కనిపిస్తుంది. ఫౌస్టినాలో కూడా అంతే. మీ మొదటి నాణెం మీద యూలియా డొమ్నా ఆగ్ అని ఉంది, ఆగ్ అంటే అగస్టాకు పొట్టి రూపం. డొమ్నా అన్న పేరు ఉంటే అది ఆమె తొలి నాణెం. 196 తర్వాత ఆ పేరు తీసేసి యూలియా అగస్టా అని మాత్రమే వేశారు. 211లో భర్త సెప్టిమియస్ సెవెరస్ చనిపోయాక యూలియా పియా ఫెలిక్స్ ఆగ్ అని మారింది. తేదీ లేని నాణేలకు ఈ మూడు రూపాలే తేదీలు. ఫౌస్టినాల విషయంలో ఇంకో చిక్కు ఉంది. తల్లీ కూతుళ్లిద్దరి పేరూ ఫౌస్టినాయే. బతికున్న కాలంలో ఇద్దరికీ ఫౌస్టినా అగస్టా అనే వేశారు. చనిపోయాక తల్లికి దివా ఫౌస్టినా అని, కూతురికి ఎక్కువగా దివా ఫౌస్టినా పియా అని వేశారు. దివా అంటే సెనేట్ ఆమెను దేవతల్లో చేర్చిందని అర్థం. మీ నాణెం మీద దివా ఉంది, పియా లేదు.

అక్షరాలు అరిగిపోయిన నాణేల్లో జుట్టు చూడాలి. ఇది నేను ఎవరికైనా మొదట నేర్పే విషయం. పెద్ద ఫౌస్టినా జడలన్నీ పైకి లాగి, తలపైన చుట్టకుదురు పెట్టుకున్నట్టు చుట్టి ఉంటాయి, మధ్యలో ముత్యాల వరస కూడా కొన్నిటి మీద కనిపిస్తుంది. కూతురు చిన్న ఫౌస్టినా జుట్టు మెత్తగా అలలుగా వెనక్కి వెళ్లి కొప్పుగా ముగుస్తుంది. డొమ్నా జుట్టు ఎక్కడున్నా గుర్తుపట్టవచ్చు. నుదుటి నుంచి మెడ దాకా బరువైన అలలు చెవుల్ని దాదాపు మూసేస్తూ దిగి, వెనక పెద్ద చదునైన కొప్పులో కలుస్తాయి. అది సవరం అయి ఉండవచ్చని చాలామంది పండితుల అభిప్రాయం. వాళ్లందరికంటే ముందు, మొదటి శతాబ్దం చివర, చక్రవర్తి టైటస్ కూతురు యూలియా, తర్వాతి చక్రవర్తి డొమిషియన్ భార్య డొమిషియా నుదుటి మీద ఉంగరాల జుట్టును గోడలా ఎత్తుగా పేర్చుకునేవారు. జుట్టు తీరు తెలిస్తే నాణెం ఏ తరానిదో పేరు చదవకుండానే చెప్పవచ్చు.

ఇప్పుడు మీ మొదటి నాణెం బొరుసు. భూతద్దం పెట్టి చూడండి. వీనస్ వీపు నగ్నంగా ఉంది, వస్త్రం తొడల దగ్గరికి జారి మడతలుగా వేలాడుతోంది. ఒక మోచెయ్యి చిన్న స్తంభం మీద ఆనించింది. ఒక చేతిలో గుండ్రటి చిన్న పండు, ఇంకో చేతిలో తాటాకు మట్టలాంటి కొమ్మ. పండు ట్రాయ్ రాకుమారుడు పారిస్ ఇచ్చిన ఆపిల్. ముగ్గురు దేవతల్లో ఎవరు అందగత్తె అన్న పోటీలో వీనస్ గెలుచుకున్నది అదే. కొమ్మ విజయానికి గుర్తు. చుట్టూ వెనెరి విక్టర్ అని ఉంది, విజయం ఇచ్చే వీనస్‌కు అని.

అందం దేవతకు విజయంతో ఏం పని అనిపించవచ్చు. రోమన్లు తమ మూలపురుషుడు ఈనియస్‌ను వీనస్ కొడుకుగా చెప్పుకునేవారు. జూలియస్ సీజర్ తన వంశం ఆమె నుంచే వచ్చిందని చెప్పి, క్రీ.పూ. 46లో రోమ్‌లో వీనస్ జెనెట్రిక్స్ గుడి ప్రతిష్ఠించాడు. అంటే వీనస్ రోమన్ రాజ్యానికి తల్లిలాంటిది. 193లో సెవెరస్ రోమ్‌ను చేజిక్కించుకున్నప్పుడు తూర్పున పెస్కెన్నియస్ నైగర్ కూడా తానే చక్రవర్తినని ప్రకటించుకుని ఉన్నాడు. ఆ అంతర్యుద్ధం నడుస్తున్న రోజుల్లో మొదలైన నాణెం ఇది. సెవెరస్ ఆఫ్రికాలోని లెప్టిస్ మాగ్నా వాడు. డొమ్నా సిరియాలోని ఎమెసాలో పూజారి కుటుంబంలో పుట్టింది. ఇద్దరూ రోమ్‌కు బయటివాళ్లే. అలాంటి ఇల్లు తన రాణి వెనక రోమన్ల కన్నతల్లి లాంటి దేవతను, అదీ గెలుపు కొమ్మతో నిలబెట్టింది. అర అంగుళం దాటిన వెండి బిళ్ల మీద ఇంత రాజకీయం ఇమిడింది. ఆ వీపు వైపు నుంచి చూపించిన భంగిమ కూడా చాలా అందంగా చెక్కిన పని. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాదు.

డొమ్నా నాణేల్లో దేవతల వైవిధ్యం ఇంకెవరి దగ్గరా ఇంత కనిపించదు. నెమలితో జూనో, పవిత్రాగ్ని దేవత వెస్టా, పొడవాటి కాగడాతో డయానా, సింహాల మధ్య సింహాసనం మీద సిబెలీ. సిబెలీ నాణెం మీద మాటర్ దేఉమ్, దేవతల తల్లి అని ఉంటుంది. నాకు బాగా ఇష్టమైనది ఐసిస్ నాణెం. ఈజిప్టు దేవత ఐసిస్ పసివాడు హోరస్‌ను ఒడిలో పట్టుకుని, ఓడ ముక్కు మీద ఒక కాలు పెట్టి నిలబడుతుంది. డొమ్నాకు ఇద్దరు కొడుకులు, కరకల్లా, గెటా. రాజ్యానికి వారసులున్నారని చెప్పడానికి ఆ పసివాడి బొమ్మ సరిపోతుంది. తర్వాత జరిగింది దారుణం. 211 డిసెంబరులో కరకల్లా మనుషులు గెటాను తల్లి చేతుల్లోనే పొడిచి చంపారు. ఆ తర్వాత కూడా ఆమె నాణేలు ఆగలేదు, 217లో ఆమె చనిపోయేదాకా వస్తూనే ఉన్నాయి.

రెండో నాణెం, పెద్ద ఫౌస్టినా. ఆమె భర్త ఆంటోనినస్ పయస్. ఆయన పాలన మొదలైన రెండేళ్లకే ఆమె చనిపోయింది. ఆ తర్వాత 161లో ఆయన చనిపోయేదాకా, ఇరవై ఏళ్లు, ఆమె పేరుతో నాణేలు కొడుతూనే ఉన్నారు. అందుకే ఆమె నాణేలు ఇవాళ కూడా తేలిగ్గా దొరుకుతాయి, ఎక్కువ భాగం చనిపోయాక వచ్చినవే. మీ నాణెం బొరుసు మీద అగస్టా అన్న మాటతో సెరీస్ ఉంది. ఆమె ధాన్యానికి దేవత, కనుక కంకులు. కాగడా ఎందుకంటే, పాతాళ రాజు ఎత్తుకుపోయిన కూతురు ప్రాసెర్పీనాను వెతకడానికి రాత్రిళ్లు కాగడా వెలిగించుకుని లోకమంతా తిరిగిన తల్లి ఆమె. ఫౌస్టినా నలుగురు పిల్లల్లో ఆమె తర్వాత మిగిలింది ఒక్క కూతురే. ఆంటోనినస్ భార్య పేరుతో పేద ఆడపిల్లల పోషణకు ఒక నిధి కూడా పెట్టాడు, దాన్ని చూపించే నాణేలు ఉన్నాయి గానీ చాలా అరుదు. రోమన్ ఫోరమ్‌లో ఆమె గుడి ఇప్పటికీ నిలబడి ఉంది. తర్వాతి కాలంలో చర్చిగా మారడం వల్లే మిగిలింది. ముందు ఆమె ఒక్కదాని పేరుతోనే కట్టారు, భర్త చనిపోయాక ఆయన పేరు పైన చేర్చారు. ఎప్పుడైనా రోమ్ వెళ్తే ఈ నాణెం ఫోటో వెంట తీసుకెళ్లి ఆ రాతిమీది అక్షరాలు చూడండి.

కూతురు చిన్న ఫౌస్టినా కథ వేరు. 147లో మొదటి బిడ్డ పుట్టగానే ఆమెకు అగస్టా బిరుదు వచ్చింది. భర్త మార్కస్ ఆరేలియస్ అప్పటికి ఇంకా యువరాజే, చక్రవర్తి కావడానికి మరో పద్నాలుగేళ్లు పట్టింది. పన్నెండుమందికి పైగా పిల్లల్ని కన్న ఆమె నాణేల మీద సంతానానికి సంబంధించిన దేవతలే ఎక్కువ. చేతిలో బిడ్డతో ఫెకుండిటాస్, పురుళ్ల దేవత జూనో లూసినా. 161లో కవలలు పుట్టినప్పుడు ఇద్దరు పసివాళ్లు సింహాసనం మీద ఆడుకుంటున్నట్టు డెనారియస్ వేశారు. ఆ ఇద్దరిలో ఒకడు కొమోడస్, రెండోవాడు నాలుగేళ్ల వయసులో పోయాడు.

బొరుసుకూ బతుకుకూ ఎంత దూరం ఉండవచ్చో చూడాలంటే ప్లౌటిల్లా నాణెం చూడాలి. సెవెరస్ కుడిభుజం, అంగరక్షక దళాధిపతి ప్లౌటియానస్ కూతురు ఆమె. 202లో కరకల్లాకు ఇచ్చి పెళ్లి చేశారు. యాభైమంది రాకుమార్తెలకు సరిపోయేంత కట్నం ఇచ్చారని ఆ కాలపు చరిత్రకారుడు కాసియస్ డియో రాశాడు. నాణేల మీద చేయి చేయి పట్టుకున్న దంపతులు, అన్యోన్యతకు దేవత కాంకోర్డియా, "శాశ్వత అన్యోన్యత" అన్న మాట. నిజానికి కరకల్లా ఆమెతో కలిసి భోంచేయడానికి కూడా ఒప్పుకోలేదు. 205 జనవరిలో తండ్రిని చంపించారు, ఆమెను లిపారి దీవికి పంపేశారు, సెవెరస్ పోయాక కరకల్లా ఆమెనూ చంపించాడు. ఆమె నాణేలు ఆ మూడేళ్లవే. వరసగా పెట్టి చూస్తే మొదటివాటిలో చిన్నపిల్ల ముఖం, చివరివాటిలో పెద్దదైన ముఖం కనిపిస్తాయి. డెనారియస్‌లు సేకరించేవాళ్లు ఆమె నాణెం ఒక్కటైనా తప్పకుండా కొనాలని నేను గట్టిగా చెబుతాను.

మిగతా దేవతల్ని గుర్తుపట్టడం కష్టం కాదు, చేతుల్లో ఏముందో చూస్తే చాలు. ముసుగును ముఖం మీదికి లాక్కుంటుంటే పుడిసిటియా, అంటే శీలం. బలిపీఠం మీద సాంబ్రాణి వేస్తుంటే పియెటాస్, భక్తి. చుక్కాని, ధాన్యం పొంగే కొమ్ము ఉంటే ఫార్చునా, అదృష్టం. వెస్టా చేతిలో చిన్న గరిటె గానీ, పల్లాడియం అనే చిన్న విగ్రహం గానీ ఉంటుంది. కూర్చుని పళ్లెం, జంట కొమ్ములు పట్టుకుంటే కాంకోర్డియా. మూడో శతాబ్దంలో నెలవంక మీద రాణి ముఖం ఉన్న కాస్త పెద్ద నాణెం కనిపిస్తే అది డెనారియస్ కాదు, 215లో కరకల్లా తెచ్చిన ఆంటోనినియానస్. చక్రవర్తికి సూర్యకిరణాల కిరీటం, రాణికి చంద్రవంక. టంకశాలలో రాణుల నాణేలకు వేరే విభాగం ఉండేదనడానికి కూడా వీటిలోనే మంచి ఆధారం ఉంది. 248లో రోమ్ వెయ్యేళ్ల ఉత్సవాలకు చక్రవర్తి ఫిలిప్ వేయించిన జంతువుల నాణేల్లో ఒక్కో విభాగానికి ఒక్కో అంకె వేశారు. ఆయన భార్య ఒటాసిలియా పేరుతో వచ్చిన నీటిగుర్రం నాణెం మీద నాలుగో విభాగం అంకె ఉంటుంది.

ఇక అసలువా కావా. ఫౌస్టినాది తెల్లగా ఉంది, డొమ్నాది కొంచెం మసకగా ఉంది, అందుకే డొమ్నా నాణెం మీద అనుమానం వచ్చిందన్నారు. దానికి టెన్షన్ పడకండి, అది అలాగే ఉండాలి. ఫౌస్టినా కాలపు డెనారియస్‌లో నాలుగింట మూడు వంతులకు పైగా వెండి ఉండేది. యుద్ధాలకు, పెంచిన సైనికుల జీతాలకు డబ్బు చాలక సెవెరస్ 194 ప్రాంతంలో వెండిని దాదాపు సగానికి తగ్గించాడు. బరువు మీరు చెప్పినట్టు మూడు గ్రాముల పైన, వ్యాసం 18 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే రెండూ సరిగ్గా ఉన్నట్టే. అంచు మీద సన్నటి పగుళ్లు ఉన్నాయని భయపడ్డారు, అది కూడా మంచి గుర్తే. కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు పెట్టి సుత్తితో కొట్టినప్పుడు లోహం చీలి అలా పగుళ్లు వస్తాయి. బొమ్మ పక్కకి జరిగి ఉండటానికీ కారణం అదే. పోతపోసిన నకిలీల్లో అంచు చుట్టూ అతుకు గీత, దాన్ని ఆకురాయితో అరగదీసిన గుర్తులు, ఉపరితలం మీద సూదిమొన బుడగలు, మెత్తబడిన అక్షరాలు ఉంటాయి. ఇంకో రకం ఉంది, లోపల రాగి, పైన వెండి పూత. పూత లేచిన చోట ఎరుపో పచ్చ చిలుమో కనిపిస్తుంది. అవి ఆ కాలంలోనే చేసిన దొంగనాణేలు. వాటిని కూడా చరిత్రగా సేకరించేవాళ్లున్నారు. మీ నాణేల రకాలను అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ నడిపే ఓసీఆర్‌ఈ అనే ఉచిత వెబ్‌సైటులో రాణి పేరు, దేవత పేరు కొట్టి, మ్యూజియం నాణేల ఫోటోలతో పోల్చుకోండి.

ఇలాంటివి మన నేలలోనూ దొరుకుతాయా అని చివర్లో అడిగారు. రోమన్ వెండి దొరికింది, కానీ ఎక్కువగా ఇంకా పాతది. నల్గొండ జిల్లా అక్కనపల్లి, కరీంనగర్ జిల్లా నస్తుల్లాపూర్ నిధుల్లో ఉన్నవి ప్రధానంగా మొదటి ఇద్దరు చక్రవర్తులు ఆగస్టస్, తిబెరియస్‌ల డెనారియస్‌లు. తిబెరియస్ నాణెం బొరుసు మీద రాజదండం, కొమ్మ పట్టుకుని కూర్చున్న స్త్రీని చాలామంది ఆయన తల్లి లివియాగా చెబుతారు, నాణెం మీద మాత్రం ఆమె పేరు ఉండదు. 64లో చక్రవర్తి నీరో డెనారియస్ బరువు, వెండి రెండూ తగ్గించాక మన దేశానికి కొత్త వెండి నాణేల రాక బాగా పడిపోయింది. ఆ తర్వాతివి దొరికితే ఎక్కువగా బంగారమే. నాగార్జునకొండ తవ్వకాల్లో మీ పెద్ద ఫౌస్టినా బంగారు నాణెమే దొరికింది. వినుకొండ దగ్గర దొరికిన బంగారు నాణేలు తిబెరియస్ నుంచి కరకల్లా దాకా ఉన్నాయి. దక్షిణాదిలో దొరికిన కొన్ని బంగారు నాణేలకు రాజు తలపైన రెండు రంధ్రాలు ఉంటాయి, మెడలో వేసుకోవడానికి. కాబట్టి ఎవరైనా డొమ్నా వెండి నాణెం చూపించి "మా పొలంలో దున్నుతుంటే దొరికింది" అంటే నమ్మి డబ్బు పెట్టకండి. నిజంగా పొలంలో దొరికితే దాన్ని అమ్మకూడదు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి ఏది దొరికినా కలెక్టర్‌కు తెలియజేయాలి.

తోమడం గురించి గట్టిగా చెబుతున్నాను: తోమకండి. పీతాంబరి, చింతపండు, నిమ్మకాయ, విభూతి, టూత్‌పేస్టు, ఇవేవీ దగ్గరికి రానివ్వకండి. పూజ సామాన్లకు అవి బాగుంటాయి. ఇక్కడ మాత్రం పద్దెనిమిది వందల ఏళ్ల పైపొర, వీనస్ వస్త్రం మడతలు, జుట్టులోని గీతలు గీరుకుపోతాయి, విలువ సగానికి పైగా పోతుంది. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో ఒక రోజు నానబెట్టి, మెత్తటి గుడ్డతో అద్ది ఆరనివ్వండి. రుద్దకూడదు. పాత వెండి లోపల పెళుసుబారి ఉంటుంది, గచ్చు మీద పడితే రెండు ముక్కలు కావచ్చు. చూసేటప్పుడు కింద తువ్వాలు పరచుకుని, అంచులు పట్టుకోండి. పెదనాన్నగారు పెట్టిన మెత్తటి ప్లాస్టిక్ కవరు పీవీసీ అయితే వెంటనే తీసేయండి, అది జిగటగా పచ్చటి మరకలు తెస్తుంది. ఆ కవర్లతో ఉన్న చీటీలు మాత్రం పారేయకండి. లండన్ దుకాణం రసీదు ఉంటే అది నాణెం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే కాగితం, అమ్మినా అమ్మకపోయినా దానికి విలువ ఉంది.

ధర సంగతికొస్తే, పెద్ద ఆశలు పెట్టుకోకండి. డొమ్నా, పెద్ద ఫౌస్టినా ఇద్దరివీ బాగా దొరికే నాణేలు. స్థితిని బట్టి కొన్ని వేల రూపాయల నుంచి పది పదిహేను వేల దాకా పలుకుతాయి. అదే చక్రవర్తి ట్రాజన్ భార్య ప్లొటీనాదో, డొమిషియాదో అయితే లెక్క వేరు, అవి చాలా అరుదు. వందేళ్లు దాటిన నాణెం 1972 పురావస్తువుల చట్టం కింద పురావస్తువే. మళ్లీ విదేశానికి పంపి వేలం వేయిద్దామన్న ఆలోచన ఉంటే, పురావస్తు శాఖను అడగకుండా పోస్టులో వేయకండి.

మీకు వీలైతే రెండు నాణేల అంచులు కనిపించేలా, పగటి వెలుతురులో పక్కనుంచి తీసిన ఫోటోలు పెట్టండి. డొమ్నా నాణెం మీద కొప్పు పక్కన చిన్న నల్ల మచ్చ కనిపిస్తోంది. అది మట్టా, పూత లేచిన చోటా అన్నది ఆ ఫోటోలో తేలుతుంది.